కొప్పు చూసి కాలం చెప్పడం: తొమ్మిది రోమన్ వెండి నాణేలు

2025 జనవరి 11

వేలంలో పాడుకున్న తొమ్మిది నాణేలూ ఈ రోజు చేతికి వచ్చాయి. పాత సామాను అమ్మే చిన్న సంస్థ అది. వాళ్ళ జాబితాలో వీటి గురించి ఒక్క ముక్కే ఉంది: "రోమన్ వెండి, స్త్రీల బొమ్మలు, 9". ఎవరి బొమ్మలో, ఏ కాలానివో, ఏ ఊళ్ళో దొరికాయో ఏమీ రాయలేదు. ఫొటో కూడా మసక మసకగా ఉంది. అయినా 310 పౌండ్ల దాకా పాడాను. మా ఆయన లెక్క వేసి, "ఒక్కోటీ ముప్పై నాలుగు పౌండ్ల పైనే పడింది. మీ తాతగారి వెండి గ్లాసు వీటన్నిటికంటే బరువుండేది" అన్నారు. వెండి కోసం కొనలేదని చెప్పి ఊరుకున్నాను.

నేనుండేది ఇంగ్లండులోని యార్క్‌లో. సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి 211 ఫిబ్రవరి 4న కన్నుమూసింది ఈ ఊళ్ళోనే. ఉత్తరాన దండయాత్రకని ఆయన బ్రిటన్‌కు వచ్చినప్పుడు భార్య జూలియా డోమ్నా కూడా వెంట వచ్చింది. ఆఫీసుకు నడిచే దారిలో రోమన్ కోట గోడ ముక్క ఒకటి ఇంకా నిలబడి ఉంది. దాన్ని రోజూ చూస్తూ ఉంటే ఆమె నాణెం ఒకటి దగ్గర పెట్టుకోవాలనిపించింది. ఒకటి కొనబోయి తొమ్మిది కొన్నాను.

పని ఇది: నాణెం మీద ఉన్నదెవరు, వెనక ఉన్న దేవత ఎవరు, ఏ ఏళ్ళలో కొట్టారు, బరువెంత, అందులో వెండి ఎంత. ఒక్కోదానికి ఒక చీటీ, రెండు ఫొటోలు. మార్చి నెలాఖరుకు పూర్తి చేయాలి.

ముందుగా ప్లాస్టిక్ కవర్లు. ముట్టుకుంటే వేలికి అంటుకునే మెత్తటి పీవీసీ. ఏళ్ళ తరబడి అందులో ఉంటే అది ఆమ్లం వదిలి లోహాన్ని తినేస్తుంది, పచ్చటి జిగురు పట్టిస్తుంది. మూడింటికి ఆ జిగురు పట్టి ఉంది. గాజు గిన్నెలో స్వచ్ఛమైన అసిటోన్ పోసి, కిటికీలు తెరిచి, ఒక్కోదాన్నీ పది నిమిషాలు నానబెట్టాను. రుద్దలేదు. జిగురు పోయింది, నలుపు మాత్రం అలాగే ఉంది. ఉండాల్సిందే.

జనవరి 12

అమ్మ వీడియో కాల్‌లో చూసింది. "ఆ నలుపేమిటే? కాస్త చింతపండు పెట్టి తోమితే తళతళలాడిపోతాయి. చింతపండు దొరక్కపోతే విభూతి అయినా సరే."

అది వెండి మీద గంధకం చేరి ఏర్పడిన పొర అనీ, తోమితే పొరతో పాటు అక్షరాల అంచులు కూడా అరిగిపోతాయనీ చెప్పాను. పద్దెనిమిది వందల ఏళ్ళ వెండి లోలోపల గుల్లబారి ఉంటుంది, గట్టిగా నొక్కితే అప్పడంలా విరిగే రకాలు కూడా ఉన్నాయి. అమ్మ ఒప్పుకోలేదు గానీ, "దేవుడి సామాను కాదుగా, నీ ఇష్టం" అని వదిలేసింది.

ఒక్కదాని సంగతి వేరు. దాని బొరుసు వైపు బూడిదరంగు పొలుసు గట్టిగా పట్టేసింది, అక్షరాలు సగం కనిపించడం లేదు. నేలలోని ఉప్పుతో కలిసి వెండి క్లోరైడుగా మారిన పొర అది. దాన్ని తర్వాత చూద్దామని పక్కన పెట్టాను.

జనవరి 18

ఈ రోజంతా భూతద్దం పట్టుకుని అక్షరాలు చదివాను. ఈ లాటిన్ లిపిలో "ఉ" శబ్దానికీ "వ" శబ్దానికీ ఒకటే అక్షరం. "యూలియా"లో మొదటి అక్షరం "ఇ"లా కనిపిస్తుంది. పదాల మధ్య ఖాళీ ఉండదు, బొమ్మ తల అడ్డొచ్చిన చోట మాట రెండు ముక్కలైపోతుంది. మొదటి నాణేనికి గంట పట్టింది, ఎనిమిదోదానికి రెండు నిమిషాలు.

లెక్క తేలింది. పెద్ద ఫౌస్టీనా అనే పట్టపురాణివి రెండు, ఆమె కూతురు చిన్న ఫౌస్టీనాది ఒకటి, ఆ చిన్న ఫౌస్టీనా కూతురు లూసిల్లాది ఒకటి. అంటే అమ్మమ్మ, అమ్మ, మనవరాలు ఒకే కవర్ల కట్టలో వచ్చారు. ఆ తర్వాత జూలియా డోమ్నావి మూడు, ఆమె కోడలు ప్లాటిల్లాది ఒకటి. పొలుసు పట్టిన తొమ్మిదోదాని బొమ్మ వైపు "యూలియా ఆగుస్టా" అని కనిపిస్తోంది కాబట్టి అది కూడా డోమ్నాదే అయి ఉండాలి.

ఇక్కడే చిక్కు వచ్చింది. చక్రవర్తి నాణెమైతే తేదీ చెప్పడం తేలిక. ఆయన ట్రిబ్యూన్ (ప్రజల ప్రతినిధి) అధికారాన్ని ఏటా కొత్తగా లెక్కపెట్టుకుంటాడు, ఎన్నిసార్లు కాన్సల్ (రోమ్‌లో ఏడాదికోసారి ఇచ్చే పెద్ద పదవి) అయ్యాడో కూడా రాయించుకుంటాడు. ఆ అంకె చదివితే సంవత్సరం వచ్చేస్తుంది. పట్టపురాణికి ఏ పదవీ లేదు. ఆమెకు ఉన్నది ఆగుస్టా అనే బిరుదు ఒక్కటే, దానికి లెక్క ఉండదు. కాబట్టి ఆమె నాణెం మీద అంకె లేదు, సంవత్సరం లేదు. చీటీలో "కాలం" అనే గడి తొమ్మిదింటికీ ఖాళీగా ఉంది.

జనవరి 19

అంకె లేకపోతే దేన్ని బట్టి చెప్పాలి? కొప్పును బట్టి.

ఎనిమిది నాణేల్నీ వరసగా పేర్చి తలలు మాత్రమే చూశాను. పెద్ద ఫౌస్టీనా జడల్ని పైకి చుట్టి నడినెత్తిన ముడి పెట్టుకుంది, మధ్యలో ముత్యాల పేట. ఆమె కూతురు ఆ ముడిని మెడ దాకా దించేసింది, నుదుటి మీద జుట్టు అలలు అలలుగా ఉంది. లూసిల్లాది కూడా దాదాపు అమ్మ పద్ధతే. డోమ్నా దగ్గరికి వచ్చేసరికి తల మొత్తం మారిపోయింది: చెవుల్ని కప్పేసే బరువైన జుట్టు, దువ్వెనతో గీసినట్టు మెట్లు మెట్లుగా, శిరస్త్రాణం పెట్టుకున్నట్టు.

అమ్మకు ఫొటోలు పంపాను. మా ఊళ్ళో ఏ పెళ్ళయినా పెళ్ళికూతురికి జడ వేసింది ఆవిడే. డోమ్నాను చూడగానే, "ఇది సొంత జుట్టు కాదే, సవరం" అంది. చాలామంది పండితులు చాలాకాలం అన్నదీ అదే, విగ్గు అని. కానీ బాల్టిమోర్‌లో జుట్టు దిద్దే వృత్తి చేసే జానెట్ స్టీఫెన్స్ అక్కడి వాల్టర్స్ మ్యూజియంలో డోమ్నా శిల్పం తల వెనక భాగం చూసి, ఇది సొంత జుట్టుతో కూడా వేయవచ్చని పట్టుబట్టి ప్రయోగాలు చేసింది. పిన్నులతో నిలవలేదు. లాటిన్‌లో పిన్నుకూ సూదికీ ఒకటే మాట ఉందనీ, అందరూ పిన్ను అనుకున్నది సూది కావచ్చనీ ఆమెకు తట్టింది. సూదీ దారంతో జుట్టును జుట్టుకే కుట్టేసింది. నిలిచింది. 2008లో ఒక పురావస్తు పత్రికలో ఆ వ్యాసం వచ్చింది.

ఇదంతా అమ్మకు గొప్పగా చెప్పాను. అటువైపు నుంచి ఏ ఆశ్చర్యమూ లేదు. "పూలజడ మేం దేనితో కుట్టేవాళ్ళం మరి? నీ పెళ్ళికి రెండు గంటలు కూర్చోబెట్టి సూదీ దారంతో కుట్టాను, మరిచిపోయావా?"

మరిచిపోలేదు. మెడ ఇంకా గుర్తుపెట్టుకుంది.

ఫిబ్రవరి 2

కొప్పు ఒక తరం దాకా చెబుతుంది. అంతకంటే దగ్గరగా వెళ్ళాలంటే పేరు చూడాలి. డోమ్నా విషయంలో అది బాగా పనిచేసింది. మొదటి నాణెం మీద "యూలియా డోమ్నా ఆగు" అని ఉంది, అంటే 193 నుంచి 196 దాకా. రెండోదాని మీద డోమ్నా పోయి "యూలియా ఆగుస్టా" మిగిలింది, భర్త చనిపోయేదాకా, అంటే 211 వరకు. మూడోదాని మీద "యూలియా పియా ఫెలిక్స్ ఆగు". కొడుకు కారకల్లా ఏలిన కాలం, 217 దాకా. పియా అంటే భక్తురాలు, ఫెలిక్స్ అంటే భాగ్యవంతురాలు. 211 డిసెంబరులో ఆ కారకల్లాయే మనుషుల్ని పెట్టి తమ్ముడు గెటాను తల్లి ఒడిలోనే చంపించాడు. ఆ ఒడి గల తల్లికి భాగ్యవంతురాలని బిరుదు కొట్టిన నాణెం ఇప్పుడు నా బల్ల మీద ఉంది.

వెనక దేవతల్ని పోల్చడం మాత్రం సరదాగా సాగింది. మన గుళ్ళో మూర్తిని ఆయుధాన్ని బట్టి, వాహనాన్ని బట్టి చెప్పేస్తాం కదా, ఇక్కడా అంతే. నెమలి ఉంటే జూనో. సింహాలుంటే సిబెలీ. ధాన్యపు కంకులుంటే సెరెస్. చేతిలో పళ్ళెం పెట్టుకుని తీరిగ్గా కూర్చుంటే కంకార్డియా, దంపతుల పొత్తుకు దేవత. లూసిల్లా నాణెం మీద ఉన్నది ఆవిడే. కాగడా దగ్గర మాత్రం తడబడ్డాను. అది సెరెస్ చేతిలోనూ ఉంటుంది, డయానా చేతిలోనూ ఉంటుంది. పియా ఫెలిక్స్ నాణెం మీద పొడవాటి కాగడాను రెండు చేతులతో పట్టుకున్నది డయానా. పెద్ద ఫౌస్టీనా నాణెం మీద ఒక చేత్తో పట్టుకున్నది సెరెస్.

డోమ్నా మొదటి నాణెం వెనక విజయ వీనస్ ఉంది. వీపు మనవైపు తిప్పి, స్తంభానికి ఆనుకుని, చేతిలో ఆపిల్, ఇంకో చేతిలో తాటిమట్ట. చీర, అదే వాళ్ళ వస్త్రం, తొడల దాకా జారిపోయి ఉంది. అమ్మ ఫోనులో పెద్దది చేసి చూసి, "పట్టపురాణి నాణెం మీద ఇదేమి బొమ్మే!" అంది. భర్త యుద్ధాల్లో గెలుస్తున్న కాలమని, విజయమిచ్చే దేవతను భార్య నాణెం మీద పెట్టారని సర్దిచెప్పాను. అంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

డోమ్నా నోటి దురుసు గురించి ఒక కథ ఆ కాలపు చరిత్రకారుడు కేసియస్ డియో రాసిపెట్టాడు. ఉత్తర బ్రిటన్‌లోని కలెడోనియా నాయకుడి భార్యను మీ ఆడవాళ్ళకు కట్టుబాటు లేదని డోమ్నా ఎగతాళి చేసిందట. మేము ఉత్తములతో బాహాటంగా ఉంటాం, మీరు నీచులతో చాటుగా ఉంటారు అని ఆవిడ తిప్పికొట్టిందట. యార్క్ చలిలో నడుస్తుంటే ఈ కథ తలుచుకుని ఒక్కదాన్నే నవ్వుకుంటాను.

మిగతావి త్వరగా తేలాయి. చిన్న ఫౌస్టీనా నాణెం వెనక సింహాసనం, దాని మీద ఇద్దరు పసిపిల్లలు. 161 ఆగస్టు 31న పుట్టిన కవలలు, వాళ్ళలో ఒకడు తర్వాత చక్రవర్తి అయిన కొమోడస్. కాబట్టి నాణెం ఆ తర్వాతిదే. కారకల్లాతో ప్లాటిల్లా పెళ్ళి 202లో, ఆమెను దీవికి వెళ్ళగొట్టింది 205లో, ఆ మూడేళ్ళలోనే కొట్టి ఉండాలి. ఆమె నాణెం వెనక దంపతులు చేతులు కలుపుకున్నారు, చుట్టూ "వంశాభివృద్ధి" అనే అర్థం వచ్చే మాటలు. కారకల్లాకు ఆమె ముఖం చూడటమే ఇష్టం ఉండేది కాదు.

ఫిబ్రవరి 8

తూకం రోజు. నా త్రాసు 0.01 గ్రాము దాకా చూపిస్తుంది. పెద్ద ఫౌస్టీనావి 3.21, 3.05. చిన్న ఫౌస్టీనా 3.14. లూసిల్లా 3.30. డోమ్నా 3.18, 3.35, 2.97. ప్లాటిల్లా 3.09. తొమ్మిదోది 2.31. అది చూసి కాస్త అనుమానం వచ్చింది.

వెండి ఎంతుందో గీకకుండా తెలుసుకోవాలంటే నీళ్ళలో తూచాలి. గ్లాసులో నీళ్ళు పోసి త్రాసు మీద పెట్టి సున్నా చేయాలి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి, అడుగుకు తగలకుండా నీళ్ళలో వేలాడదీయాలి. అప్పుడు త్రాసు చూపించేది నాణెం తోసేసిన నీటి బరువు. గాలిలో బరువును దానితో భాగిస్తే సాంద్రత వస్తుంది. వెండికి 10.5, రాగికి 8.96. మధ్యలో ఎక్కడుందో చూస్తే పాళ్ళు తెలుస్తాయి.

ఒక్కొక్కటిగా చేస్తే అంతా గందరగోళం. మూడు గ్రాముల నాణెం తోసే నీరు గ్రాములో మూడో వంతు కూడా ఉండదు. త్రాసు చివరి అంకె ఒకటి అటూ ఇటూ అయితే సాంద్రత 0.3 మారిపోతోంది. ఒకే నాణేనికి మూడు సార్లు మూడు జవాబులు. గ్లాసు పక్కన పెట్టి టీ తాగుతుంటే తట్టింది: ఒకే కాలపువి కలిపి తూస్తే?

ఫౌస్టీనాల మూడూ ఒకే దారానికి కట్టాను. గాలిలో 9.40, నీరు 0.93. సాంద్రత 10.1. అంటే ఐదింట నాలుగు వంతుల దాకా వెండి. డోమ్నావి మూడూ కలిపి 9.50, నీరు 0.99. సాంద్రత 9.6. సగానికి సగం రాగి! సెవెరస్ గద్దెనెక్కిన కొద్ది కాలానికే సైనికుల జీతాల కోసం వెండిని సగానికి దించాడని చదివాను. చదవడం వేరు, వంటింట్లో గ్లాసు నీళ్ళలో చూడటం వేరు. పైకి మాత్రం రెండు జట్లూ ఒకేలా తెల్లగా ఉన్నాయి. కొట్టే ముందు బిళ్ళల్ని ఆమ్లంలో ఉంచి పైపొరలోని రాగిని తీసేసేవాళ్ళు, అందుకని.

తొమ్మిదోది ఒంటరిగా: 2.31, నీరు 0.26. సాంద్రత 8.9. క్లోరైడు పొలుసు తేలిక కాబట్టి లెక్క తప్పిందనుకున్నాను. అనుకోవాలనుకున్నాను అంటే సరిగ్గా ఉంటుంది.

ఫిబ్రవరి 9

పొలుసు తీశాను. పాతకాలం ఫొటో స్టూడియోల్లో వాడే హైపో ద్రావణం వెండి క్లోరైడును కరిగిస్తుంది. పావుగంటకోసారి తీసి, శుద్ధజలంలో ముంచి, భూతద్దం కింద చూడటం. మూడోసారికి అక్షరాలు తేలాయి. నాలుగోసారికి అంకె కనిపించింది.

అంకె! ట్రిబ్యూన్ అధికారం పదిహేనోసారి. లెక్క కడితే 207వ సంవత్సరం. నెలరోజులుగా కొప్పులూ బిరుదులూ పట్టుకుని వెతుకుతున్న సంవత్సరం కళ్ళెదుట ఉంది. మా ఆయన్ని కేకేసి పిలిచాను. ఆయన వచ్చేలోపే నాకు గొంతులో ఏదో అడ్డుపడింది. జూలియా డోమ్నా ట్రిబ్యూన్ ఏమిటి? మూడుసార్లు కాన్సల్ ఏమిటి? ప్రధాన పురోహితుడు ఏమిటి? ఇవన్నీ ఆమె భర్తవి. రాణి బొమ్మకు రాజుగారి బొరుసు తగిలించారు.

టంకశాలలోనే పొరపాటున అచ్చులు మారిన నాణేలు కూడా ఉన్నాయి. కానీ నాణేన్ని నిలబెట్టి అంచు చూస్తే ఆశ తీరిపోయింది. ఆవగింజంత చోట వెండి లేచిపోయి, కింద ఎర్రగా, దాని పక్కన పచ్చగా చిలుము. రాగి బిళ్ళకు వెండి రేకు చుట్టి, కాల్చి అతికించి, దొంగ అచ్చులతో కొట్టిన నాణెం. 2.31, 8.9 నిన్న చెప్పింది ఇదే. దొంగవాడి దగ్గర ఏ అచ్చు ఉంటే అది వాడాడు, చదువుకోవాల్సిన అవసరం వాడికి లేదు.

తొమ్మిదింటిలో తేదీ ఉన్నది ఒక్కటే, అదీ దొంగది.

ఫిబ్రవరి 23

ఫొటోలు. పుస్తకాల దొంతర మీద ఫోను బోర్లించి, కింద నల్ల గుడ్డ. దీపం ఎడమ పై మూల నుంచి వేయమని అందరూ అంటారు. డోమ్నా కుడివైపు చూస్తోంది కాబట్టి అలా వేస్తే కొప్పు వెలిగిపోతుంది, ముక్కూ నోరూ చీకట్లో పడిపోతాయి. దీపాన్ని గడియారంలో ఒంటిగంట దగ్గరికి జరిపాక ముఖం వచ్చింది. చుట్టూ తెల్ల కాగితం గొట్టంలా చుడితే కొప్పులోని ఒక్కో గీతా విడివిడిగా పడింది. 68 ఫొటోల్లో 18 పనికొచ్చాయి.

మార్చి 8

"ఇవి మన దగ్గర దొరుకుతాయా?" అని అమ్మ అడిగింది. ఈ రోమన్ వెండి నాణేన్ని డెనారియస్ అంటారు, మన దీనారం అనే మాటే దాని నుంచి వచ్చింది. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో వెయ్యికి పైగా రోమన్ వెండి నాణేలు ఒకే చోట దొరికాయి. అయితే అవి ఎక్కువగా అగస్టస్, టైబీరియస్ చక్రవర్తులవి, నా పెట్టెలో వాటికంటే వందేళ్ళకు పైగా పాతవి. టైబీరియస్ నాణెం వెనక కొమ్మ పట్టుకుని కూర్చున్న స్త్రీ ఉంటుంది. పేరు ఉండదు. శాంతిదేవత అంటారు, ఆయన తల్లి లివియా అని కూడా అంటారు. రాణీ దేవతా ఒకటే అనిపించేలా ఉండటమే దాని ఉద్దేశమని నా నమ్మకం.

64లో నీరో బరువునూ వెండినీ తగ్గించాక మనవైపు కొత్త వెండి రావడం బాగా పడిపోయింది. ఆ తర్వాత వచ్చింది ఎక్కువగా బంగారం. పెద్ద ఫౌస్టీనా బంగారు నాణెం ఒకటి నాగార్జునకొండ తవ్వకాల్లో దొరికింది. అంటే నడినెత్తి కొప్పున్న ఆ ముఖాన్ని కృష్ణ ఒడ్డున ఎవరో అరచేతిలో పెట్టుకుని చూశారు. మన ప్రాంతాల్లో దొరికిన రోమన్ నాణేలు కొన్నిటి మీద ఉలిగాట్లు ఉంటాయి. లోపల రాగి ఉందేమో చూడటానికే ఆ గాటు పెట్టారని ఒక వాదన. నేను నెల రోజులు పడ్డ పాట్లు వాళ్ళు ఒక్క దెబ్బతో తేల్చుకున్నారన్నమాట.

మార్చి 22

చీటీలు రాశాను. పెద్ద ఫౌస్టీనావి రెండూ "దీవా ఫౌస్టీనా" కాబట్టి ఆమె పోయి దేవత అయ్యాక కొట్టినవి, భర్త ఆంటొనైనస్ పయస్ 161లో చనిపోయేలోపు. బతికుండగా పట్టపురాణిగా ఉన్నది రెండు మూడేళ్ళు, పోయాక నాణేల మీద ఉన్నది ఇరవై ఏళ్ళు. ఎనిమిది చీటీల్లో "కాలం" గడిని పెన్సిలుతో నింపాను. తొమ్మిదోదానికి "207 తర్వాత, దొంగ నాణెం" అని రాసి పెట్టెలో చివరి గుంటలో పెట్టాను. డబ్బు వాపసు అడగమని మా ఆయన అన్నారు. అడగను. ఇప్పుడది అన్నిటికంటే నాకు బాగా తెలిసిన నాణెం.

సాయంత్రం అమ్మకు పెట్టె మొత్తం చూపించాను. దొంగది ఏదో చెప్పకుండా, డోమ్నావి నాలుగూ చూపించి కొప్పు ఏది బాగా కుదిరిందో చెప్పమన్నాను. కళ్ళజోడు తెచ్చుకుని చాలాసేపు చూసి, చివరి గుంట మీద వేలు పెట్టింది.

"ఇదే. వీడెవడో గానీ ఇంట్లో ఆడవాళ్ళు తల దువ్వుకుంటుంటే చూసినవాడు."